క్వెస్ట్ 3ని (కళ్లకు పెట్టుకుని ఆడే వీఆర్ హెడ్‌సెట్) పీసీకి కలపడానికి వైఫై చాలా, కేబులే కావాలా?

కావలి కుర్రోడు: పీసీ మేడమీద నా గదిలో, రౌటర్ కింద హాల్లో. ఎయిర్ లింక్‌లో (పీసీలోని ఆటని వైఫై మీద హెడ్‌సెట్‌కి పంపే పద్ధతి) ఆట మొదలెట్టిన రెండు నిమిషాలకే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. తల తిప్పితే అంచుల్లో నల్లగా కనిపిస్తోంది. నిన్న కళ్లు తిరిగి మంచం పట్టుకుని కూర్చున్నాను. కేబుల్ కొనాలా అన్నా?

ఒంగోలు గిత్త: కొను. సీపీయూ వెనక ఉన్న యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టు, హబ్ వద్దు. వైఫైతో నేను ఆరు నెలలు పడ్డాను.

పెన్నా తీరం: తొందరపడకు తమ్ముడూ. పీసీ కూడా వైఫైలోనే ఉందా? అయితే బొమ్మ పీసీ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి హెడ్‌సెట్‌కి రెండుసార్లు గాల్లోనే పోతోంది. పీసీకి లాన్ వైరు లాగు. హెడ్‌సెట్ 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉండాలి, రౌటర్ అదే గదిలో ఉండాలి. మధ్యలో శ్లాబు ఉంటే లాభం లేదు.

ఒంగోలు గిత్త: కేబుల్లో బొమ్మ కుదించకుండా వస్తుంది. 5 గిగాబిట్ల వేగం. వైఫైకి అంత ఎక్కడిది?

పెన్నా తీరం: అది తప్పు. కేబుల్లో కూడా గ్రాఫిక్స్ కార్డు వీడియోని కుదించే పంపుతుంది.

కందుకూరు: డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌కి పవర్ సేవింగ్ టిక్కు తీసేయండి. నాకు మధ్యలో తెగిపోవడం దాంతోనే ఆగింది.

ఒంగోలు గిత్త: కుదిస్తే కుదించనీ, నాది ఒక్కసారి ఆగలేదు.

పెన్నా తీరం: నాకు యూఎస్‌బీ 3 అని చెప్పి అమ్మిన కేబుల్ టెస్ట్‌లో యూఎస్‌బీ 2 అని తేలింది. వాపసు తీసుకోమంటే షాపువాడు మొహం తిప్పుకున్నాడు. అందుకే చెప్తున్నా.

ఒంగోలు గిత్త: మీ కేబుల్ నకిలీదైతే అన్నీ నకిలీవేనా? గదిలో రౌటర్ పెట్టు, వైరు లాగు అంటారు. మాది అద్దె పోర్షన్. వైఫై ఓనరుది, రౌటర్ వాళ్ల పూజగది పక్కన. మేకు కొట్టాలన్నా అడగాలి. మీ సలహాలన్నీ సొంతింటి వాళ్లకే!

పెన్నా తీరం: ఆ మాట ముందే చెప్పాల్సింది. ఓనరు రౌటర్‌ని ముట్టుకోనక్కర్లేదు. మీ గదిలో ఇంకో రౌటర్ పెట్టి పీసీని వైరుతో, హెడ్‌సెట్‌ని వైఫైతో దానికి కలపండి. నెట్ ఎప్పట్లాగే ఓనరు వైఫై నుంచి వస్తుంది.

ఒంగోలు గిత్త: ఆ డబ్బులతో కేబులే కొన్నాను. తిప్పలేం లేవు.

కావలి కుర్రోడు: మాది సొంతిల్లే. మెట్ల పక్కనుంచి వైరు లాగడానికి నాన్న సరేనన్నారు. 20 మీటర్లు పడుతుంది, అంత పొడవైతే వేగం పోతుందా?

పెన్నా తీరం: పోదు, 100 మీటర్ల దాకా పర్లేదు. పైన రౌటర్ కూడా పెట్టు, వైరొక్కటే చాలదు.