హ్యూస్టన్ టెక్సన్స్ తొలి సీజన్ (2002): ఆ 12 ఓటములు తప్పనివేనా?

ప్రశ్న – కేటీవాసి

అందరికీ నమస్కారం. నేను హ్యూస్టన్ శివార్లలోని కేటీలో ఉంటాను. క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి కావడంతో అమెరికన్ ఫుట్‌బాల్ మీద ఆసక్తి ఆలస్యంగానే కలిగింది. ఇప్పుడు మాత్రం టెక్సన్స్ ఆట ఒక్కటీ వదలకుండా చూస్తున్నాను. ఈ మధ్య జట్టు పాత చరిత్ర చదువుతుంటే, తొలి సీజన్ గురించి ఒక సందేహం వచ్చింది.

2002 సెప్టెంబరు 8న, అప్పుడే కొత్తగా తెరిచిన రిలయంట్ స్టేడియంలో టెక్సన్స్ తమ మొట్టమొదటి ఆటలో డాలస్ కౌబాయ్స్‌ను 19–10 తేడాతో ఓడించారు. 1961లో మిన్నెసోటా వైకింగ్స్ తరువాత, అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగు ఎన్ఎఫ్ఎల్‌లో కొత్తగా చేరిన జట్టు తన తొలి ఆటలోనే గెలవడం అదే మొదటిసారి. ఆ తరువాతి 15 ఆటల్లో మాత్రం గెలిచినవి మూడే. డ్రాఫ్టులో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) అందరికంటే ముందుగా ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) డేవిడ్ కార్‌ను, బంతి విసరకముందే ప్రత్యర్థులు పట్టి పడగొట్టిన సందర్భాలు, అంటే శాక్‌లు, ఆ ఒక్క సీజన్‌లోనే 76. ఎన్ఎఫ్ఎల్‌లో ఇప్పటికీ అదే రికార్డు.

ఐపీఎల్‌లో గుజరాత్ టైటన్స్ 2022లో అడుగుపెట్టిన ఏడాదే కప్పు గెలిచింది. లక్నో కూడా ప్లేఆఫ్స్‌కు చేరింది. అలాంటప్పుడు, జట్టు హక్కుల కోసం 70 కోట్ల డాలర్లు చెల్లించిన యజమాని చేతిలోని టెక్సన్స్‌కు ఈ గతి ఎందుకు పట్టింది? కొత్త జట్టు ఓడిపోవడం సహజమని సరిపెట్టుకోవాలా, లేక నిర్వాహకుల పొరపాట్లేమైనా ఉన్నాయా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం – పాత స్కోరుబోర్డు

కేటీవాసి గారూ, మీరు తెచ్చిన ఐపీఎల్ పోలికలోనే సగం సమాధానం ఉంది. 2022లో మెగా వేలం జరిగింది. పాత జట్లు గరిష్ఠంగా నలుగురిని మాత్రమే ఉంచుకొని మిగిలిన అందరినీ వదులుకోవలసి వచ్చింది. గుజరాత్ మాత్రం వేలానికి ముందే హార్దిక్ పాండ్యాను, రషీద్ ఖాన్‌ను, శుభ్‌మన్ గిల్‌ను తీసుకోగలిగింది. అంటే ఆ ఏడాది పాత జట్లు, కొత్త జట్లు దాదాపు ఒకే గీత మీద నుంచి పరుగు మొదలుపెట్టాయి.

ఎన్ఎఫ్ఎల్‌లో అలా కాదు. బాబ్ మెక్‌నెయిర్ చెల్లించిన 70 కోట్ల డాలర్లు లీగులో ప్రవేశించే హక్కుకు మాత్రమే. ఆటగాళ్ల జీతాలపై లీగు విధించే పరిమితి పాత జట్లకూ ఈ జట్టుకూ ఒకటే కనుక, డబ్బుందని ఎవరిని పడితే వారిని తెచ్చుకోవడం కుదరదు. 2002 ఫిబ్రవరిలో కొత్త జట్టు కోసం ప్రత్యేకంగా జరిపిన ఎంపికలో, పాత జట్లు 31 కూడా తలా ఐదుగురి పేర్లు ఇచ్చాయి. ఏ జట్టయినా తనకు అక్కరలేనివారినో, గాయాలతో ఉన్నవారినో, జీతం బరువైనవారినో తప్ప వేరెవరిని ఇస్తుంది? టెక్సన్స్ వారిలోంచి 19 మందిని తీసుకున్నారు.

మొదటి పేరు టోనీ బొసెల్లీ. జాక్సన్‌విల్ జాగ్వార్స్‌కు ఆడిన మేటి లెఫ్ట్ టాకిల్ ఆయన. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి ఒళ్లు తిప్పినప్పుడు అతని వీపు ఎడమవైపుకు ఉంటుంది కాబట్టి, అటునుంచి దూసుకొచ్చేవాడు అతనికి కనిపించడు. ఆ కనిపించని వైపును కాయడమే లెఫ్ట్ టాకిల్ పని. కార్ కుడిచేతి వాటం వాడే. బొసెల్లీ భుజం గాయాల నుంచి కోలుకోలేదు; టెక్సన్స్ తరఫున ఒక్క ఆట కూడా ఆడకుండానే విరమించుకున్నాడు. ఆయనకు 2022లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది, అది జాగ్వార్స్‌లో ఆడిన ఆటకు.

ఇక క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుసలో మిగిలిన స్థానాలను దొరికినవారితో నింపారు. డ్రాఫ్టు రెండో రౌండులో వచ్చిన చెస్టర్ పిట్స్ హైస్కూలులో ఫుట్‌బాల్ ఆడనే లేదు. అలాంటి కుర్రాడు తొలి ఏడాదే మొత్తం 16 ఆటల్లోనూ ఆరంభం నుంచే బరిలో దిగవలసి వచ్చింది. ఇందులో అతని తప్పేమీ లేదు, తరువాత కూడా ఏళ్ల తరబడి ఆ జట్టులో నిలకడగా ఆడాడు. అయితే ఇలాంటి ముందు వరుసతో సగటున ఆటకు ఐదు సార్లు క్వార్టర్‌బ్యాక్ నేల కరిచాడంటే అందులో వింతేముంది? నా దృష్టిలో ఆ 12 ఓటములు నిబంధనల్లోనే రాసిపెట్టి ఉన్నాయి.

సమాధానం – ఎడమవైపు కాపలా

పాత స్కోరుబోర్డు గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు, ముగింపుతో ఉంది. నిబంధనలే కారణమైతే ప్రతి కొత్త జట్టూ ఇంచుమించు ఒకేలా ఓడిపోవాలి. 1976లో టాంపా బే బకనీర్స్ 14 ఆటలకు 14 ఓడిపోయారు, సరే. 1995లో చేరిన కరోలినా పాంథర్స్ మాత్రం తొలి ఏడాది 7 ఆటలు గెలిచి, రెండో ఏడాదికి 12 గెలుపులతో కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లారు. ఆనాటి ఎంపిక నిబంధనలు మరింత ఉదారమైనవన్నది నిజమే, పాంథర్స్‌కు 35 మంది దక్కారు. కానీ ఆ పాంథర్స్ ప్రధాన శిక్షకుడు ఎవరో తెలుసా? డామ్ కేపర్స్. 2002లో టెక్సన్స్‌ను నడిపినదీ ఆయనే. అంటే కొత్త జట్టును ఎలా నిలబెట్టాలో తెలియనివారి చేతిలో ఈ జట్టు పడలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దాడి విభాగం బాధ్యతలు చూసిన క్రిస్ పామర్ సంగతి. 1999లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మళ్లీ కొత్తగా లీగులోకి వచ్చినప్పుడు వారి ప్రధాన శిక్షకుడు ఆయనే. అక్కడ కూడా డ్రాఫ్టులో మొదటి స్థానంలో వచ్చిన కుర్రాడు టిమ్ కౌచ్‌ను, బలహీనమైన ముందు వరుస వెనక నిలబెట్టారు. పిట్స్‌బర్గ్ చేతిలో 43–0 ఓటమితో మొదలైన ఆ సీజన్ 2 గెలుపులు, 14 ఓటములతో ముగిసింది. మూడేళ్లు తిరిగేసరికి హ్యూస్టన్‌లో మళ్లీ అదే కథ. ఒకసారి జరిగితే దురదృష్టం అనుకోవచ్చు, రెండోసారి కూడా జరిగితే దాన్ని పద్ధతి అనక తప్పదు.

ఇంకొక మాట, ఇది టెక్సన్స్ అభిమానులకు రుచించకపోవచ్చు. ఆ 76లో కొంత భాగం కార్‌దే. బంతిని వదలవలసిన సమయానికి వదలకుండా, ఎవరైనా ఖాళీగా దొరుకుతారేమోనని చేతిలోనే పట్టుకొని ఉండే అలవాటు అతనికి ఉంది. 2003లో శాక్‌లు 15కు తగ్గాయి (గాయం వల్ల కొన్ని ఆటలు ఆడలేదనుకోండి), 2004లో 49 అయ్యాయి, 2005లో 68కి ఎగబాకాయి. అయిదు సీజన్లలో కలిపి 249. ముందు వరుసలో మనుషులు మారుతూనే ఉన్నారు, కార్ పడిపోవడం మాత్రం ఆగలేదు. అయితే ఆ అలవాటు అతనికి కాలేజీ నుంచే వచ్చిందా, లేక 2002లో తిన్న దెబ్బలకు చూపు పాసు అందుకునేవారిని వదిలి మీదికొచ్చేవారి వైపు మళ్లడం వల్ల పట్టుకుందా అంటే, నేను రెండోదే అంటాను. అందుకే ఆ సీజన్ చేసిన నష్టం 12 ఓటములతో తీరలేదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారి స్పందన – కేటీవాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందు వరుస అంత బలహీనమని తెలిసినప్పుడు, కార్‌ను ఆ ఏడాది బెంచి మీద కూర్చోబెట్టి అనుభవం ఉన్న మరొకరిచేత ఆడించి ఉండవచ్చు కదా? అలాగే, ఇంత ఘోరంగా ఆడిన జట్టు ఆ నాలుగు ఆటలైనా ఎలా గెలిచిందన్నది కూడా అంతుపట్టలేదు.

సమాధానం – ఆస్ట్రోడోము నీడ

మొదట రెండో ప్రశ్నకు. ఆ నాలుగు గెలుపుల్లో ప్రధాన భాగం రక్షణ విభాగానిది. ఆరన్ గ్లెన్, గ్యారీ వాకర్, సెత్ పేన్ వంటివారు పెద్ద జీతాల భారం వల్లనే పాత జట్ల నుంచి బయటకు వచ్చారు, ఆటలో పస తగ్గి కాదు. ఆ ఎంపికలో లాభం ఏదైనా దక్కిందంటే అక్కడే. గ్లెన్, వాకర్ ఇద్దరూ ఆ ఏడాది ప్రో బౌల్‌కు, అంటే లీగులోని మేటి ఆటగాళ్ల ఆటకు, ఎంపికయ్యారు. డాలస్ మీద గెలిచిన ఆటలో చివరి రెండు పాయింట్లు కూడా పేన్ చేసిన సేఫ్టీతో (బంతి పట్టుకున్న ప్రత్యర్థిని అతని సొంత గోల్ ప్రాంతంలోనే పడగొట్టడం) వచ్చినవే.

డిసెంబరు 8న పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఆటను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆట మొత్తం మీద టెక్సన్స్ దాడి విభాగం ముందుకు కదిలింది 47 గజాలే. స్టీలర్స్ 400 గజాలు దాటారు. కార్ పది సార్లు బంతి విసిరితే మూడు మాత్రమే తనవాళ్ల చేతుల్లో పడ్డాయి. స్కోరు మాత్రం టెక్సన్స్ 24, స్టీలర్స్ 6. గ్లెన్ రెండుసార్లు ప్రత్యర్థి పాసును మధ్యలోనే అందుకొని టచ్‌డౌన్ (బంతితో ప్రత్యర్థి గోల్ గీత దాటి సాధించే స్కోరు) దాకా పరుగెత్తాడు. కెన్నీ రైట్ జారిన బంతిని ఎత్తుకొని మరో టచ్‌డౌన్ చేశాడు. అంత తక్కువ గజాలతో ఎన్ఎఫ్ఎల్‌లో ఇంకే జట్టూ గెలవలేదు. అభిమానులు పండగ చేసుకున్నారు, చేసుకోవలసిందే. కానీ దాడి విభాగం ఎంత చితికిపోయిందో ఆ గెలుపు చూపించినంత స్పష్టంగా ఏ ఓటమీ చూపించలేదు.

ఇక కార్‌ను కూర్చోబెట్టడం గురించి. అవకాశం లేదనడం సరికాదు. రామ్స్‌కు, రేవెన్స్‌కు, వాషింగ్టన్‌కు ఆడివచ్చిన టోనీ బ్యాంక్స్ ఆ బెంచి మీదే ఉన్నాడు. పైగా కేపర్స్‌కు ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1995లో పాంథర్స్‌లో కెర్రీ కాలిన్స్ అనే కుర్రాణ్ణి పక్కన పెట్టి, తొలి మూడు ఆటలు అనుభవజ్ఞుడైన ఫ్రాంక్ రైక్‌చేత మొదలుపెట్టించింది ఆయనే. కానీ హ్యూస్టన్ పరిస్థితి వేరు. ఆయిలర్స్ 1997లో టెనెసీకి తరలిపోయాక అయిదేళ్లు ఈ ఊరికి జట్టే లేదు. అలా తరలిపోయి టైటన్స్‌గా మారిన ఆ పాత జట్టు ఇప్పుడు ఇదే డివిజన్‌లో ఉండి, 2002లో రెండుసార్లూ మనల్నే ఓడించింది. అలాంటి ఊళ్లో, టికెట్లు కొన్న జనం ముందు, డ్రాఫ్టులో మొట్టమొదట తీసుకున్న కుర్రాణ్ణి దాచిపెట్టే ధైర్యం ఎవరికీ కలగలేదనుకుంటాను. మొత్తం 16 ఆటలూ కార్‌తోనే మొదలుపెట్టారు.