అప్‌డేట్: ఫామ్ టెంప్లేట్ సర్టిఫికెట్ గడువు సమస్య తీరింది

మా హన్మకొండ ఆఫీసులో ఇన్ఫోపాత్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫామ్‌లు చేసే సాఫ్ట్‌వేర్) సెలవు ఫామ్‌పై డిజిటల్ సంతకానికి వాడే సర్టిఫికెట్ ఏటా ఎక్స్‌పైర్ అవుతోంది, ఏం చేయాలని ఇదివరకు అడిగిన కదా, పని అయింది. పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు కొట్టే చోటు) సొంత సర్టిఫికెట్ చేసే న్యూ-సెల్ఫ్‌సైన్డ్‌సర్టిఫికెట్ కమాండ్‌కు గడువు చెప్పకపోతే 1 ఏడాదే ఇస్తుంది. టైప్ కోడ్‌సైనింగ్‌సర్ట్ అని పెట్టి, గడువు తేదీ చెప్పే నాట్‌ఆఫ్టర్‌లో ఇవాళ్టి తేదీకి యాడ్‌ఇయర్స్‌తో 10 కలిపిన. సర్టిఫికెట్ తెరిచి చెల్లుబాటు తేదీ చూసినంక ప్రాణం కుదుటపడ్డది.

అసలు తిప్పలు ఆ తర్వాతే. సొంతంగా చేసుకున్నది కాబట్టి మిగతా సిస్టమ్‌లు నమ్మవు. ప్రైవేట్ కీ (సంతకం పెట్టే రహస్య కీ) లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసి, ఒక్కోదాంట్లో ట్రస్టెడ్ రూట్, ట్రస్టెడ్ పబ్లిషర్స్ అనే నమ్మే సర్టిఫికెట్ల జాబితాలు రెండింట్లోనూ వేసిన. డొమైన్ (ఆఫీసు సిస్టమ్‌లన్నింటినీ ఒకే చోటి నుంచి నడిపే ఏర్పాటు) ఉన్నోళ్లు దాని గ్రూప్ పాలసీ సెట్టింగ్‌తో అన్నింటికీ ఒకేసారి పంపొచ్చు.

సర్టిఫికెట్‌తో పాటు ప్రైవేట్ కీ కూడా ఉన్న పీఎఫ్ఎక్స్ ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టి, అది ఉన్న పెన్‌డ్రైవ్‌ను బీరువాలో దాచిన. పదేళ్లు చెల్లే సంతకం, పరాయి చేతుల్లో పడొద్దు. దారి చూపిన అన్నలకు, అక్కలకు మనసారా థాంక్స్.