పరిచయంతో ఉద్యోగం: అమెరికాలో రిఫరల్, చైనాలో పైరవీనా?

షెన్‌జెన్ బాబు: చైనాలో ఉద్యోగాలన్నీ గ్వాన్‌షీతోనే వస్తాయనీ, అమెరికాలో టాలెంట్ చూసి ఇస్తారనీ ఇక్కడ ఒకాయన రాశారు. గ్వాన్‌షీ అంటే పరిచయాలు, వాటితో వచ్చే మొహమాటాలు. కానీ అమెరికాలోనే, బోస్టన్ పక్కన న్యూటన్‌లో, ఉద్యోగాలు ఎలా దొరికాయో మార్క్ గ్రానోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త ఆరా తీసి 1974లో పుస్తకం వేశాడు. సగం మందికి పైగా తెలిసినవాళ్ళ ద్వారానే ఉద్యోగం దొరికిందని తేలింది. అమెరికాలో అయితే అలా తెలిసినవాళ్ళని చేర్పించిన ఉద్యోగికి (రిఫరల్ అంటారు) బోనస్ కూడా ఇస్తారు!

హెచ్ఆర్ అక్క: బాబు గారూ, సగమే చెప్పారు. గ్రానోవెటర్ చెప్పింది ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయాల గురించి. వాళ్ళు ఫలానా చోట ఖాళీ ఉందని కబురు చెప్తారు, అంతే. 1988లో చైనాలోని తియాన్‌జిన్ నగరంలో యాన్‌జీ బియాన్ అనే సమాజశాస్త్రవేత్త సర్వే చేస్తే అక్కడ పని చేసింది దగ్గరి సంబంధాలు. ఉద్యోగాలు ప్రభుత్వమే కేటాయించే రోజులవి. అధికారి చేత పని చేయించాలంటే కాదనలేని మనిషి కావాలి కదా.

కోడ్‌కూలీ: అక్కా, 1988 సంగతి ఇప్పుడెందుకు? ఇప్పుడు సెప్టెంబర్ వస్తే క్యాంపస్ నియామకాలు, ఆన్‌లైన్ టెస్టులు. బాస్ జిపిన్ అనే ఉద్యోగాల యాప్‌లో నేరుగా మేనేజర్‌తోనే చాట్. అసలు టెన్షన్ దరఖాస్తుల్ని వడపోసే జల్లెడ దగ్గర. 985, 211 అని ప్రభుత్వం ఎంపిక చేసిన మేటి యూనివర్సిటీల జాబితాల్లోని దాంట్లో చదివావా? వయసు 35 దాటిందా? ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షకే 35 హద్దు ఉండేది, 2026 పరీక్షకి 38 చేశారు. అమెరికాలో 40 దాటినవాళ్ళని వయసు చూసి పక్కన పెట్టకూడదని 1967 నుంచి చట్టం ఉంది.

షెన్‌జెన్ బాబు: చట్టం ఉంటే జల్లెడ పోయిందా? బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగోల్లో ఒకే రకం రెజ్యూమెలు పేర్లు మార్చి పంపారు. నల్లవాళ్ళ పేర్లున్నవాటికన్నా తెల్లవాళ్ళ పేర్లున్నవాటికి పిలుపులు 50 శాతం ఎక్కువ. 2004లో అచ్చయింది. ఎవరు వద్దో చైనావాడు ప్రకటనలోనే రాసేస్తాడు, అమెరికావాడు మనసులో పెట్టుకుంటాడు.

కోడ్‌కూలీ: రాసేయడం నిజాయితీ అంటారా? ముఖం మీదే తలుపేస్తే నొప్పి తగ్గుతుందా అన్నా?

హెచ్ఆర్ అక్క: అయినా ఈ జల్లెడ ఒక్క చైనా, అమెరికాలదేనా? జర్మనీలో ఇప్పటికీ చాలామంది రెజ్యూమెకి ఫొటో పెడతారు, ముఖం చూసే వడపోయొచ్చు.

మల్లెమొగ్గ: నేను షాంఘైలో ఇంటర్వ్యూకి వెళ్ళాను, కంపెనీ పేరెందుకులెండి. ఆడవాళ్ళని పెళ్ళి, పిల్లల గురించి అడగొద్దని ప్రభుత్వం 2019లోనే నోటీసు ఇచ్చింది. వాళ్ళూ అడగలేదు. దరఖాస్తు ఫారంలో మాత్రం ఆ రెండిటికీ గడులున్నాయి.