ఏడో తరగతి పిల్లాణ్ణి పెద్దవాళ్ల కబడ్డీ జట్టులోకి పంపాలా?

కృష్ణలంక టైలరమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడే బెజవాడలో హైస్కూల్లో ఏడో తరగతి. 12 నిండాయి. కబడ్డీ అంటే ప్రాణం. మనిషి బక్కపలచన, కానీ కాళ్లు భలే చురుకు. మొన్న పీఈటీ సారు పిలిచి, ఈసారి గ్రిగ్ పోటీలకి (బడుల మధ్య జరిగే ఆటల పోటీలు) తొమ్మిది, పది తరగతుల వాళ్ల జట్టులో వేస్తానన్నారట. సాయంత్రం పెద్దవాళ్ల జెర్సీ ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చాడు. "అమ్మా, రేపటికల్లా నాకు సరిపోయేలా కుట్టెయ్" అన్నాడు.

నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. జెర్సీ తొడిగి చూస్తే భుజం కుట్టు మోచేతి దగ్గరికి జారింది. టేపు పెట్టాను. జెర్సీ భుజం 18 ఇంచులు, మావాడిది 13. ఆ జట్టులో నలుగురికి యూనిఫాం నేనే కుట్టాను, వాళ్ల కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. తిరగేసి చూస్తే ఒకడి ఛాతీ 36 ఉంది. మావాడిది 26. కిరాణా కొట్టు కాటా మీద నిలబెడితే 33 కిలోలు తూగాడు. అంతే, కత్తెర కింద పెట్టేశాను.

మా ఆయన లారీ మీద ఉంటారు. ఫోన్లో "పంపు, మగపిల్లాడు, ఏమీ కాదు" అంటున్నారు. వద్దంటే వీడు అన్నం ముట్టడు. ఇట్లా పెద్దవాళ్లతో ఆడించినవాళ్లు, ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రెండు రోజులుగా నిద్ర లేదు.

బ్రాడీపేట నాన్న

అక్కా, పంపండి. మా పాప బ్యాడ్మింటన్ ఆడుతుంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ పిల్లలతోనే ప్రాక్టీసు. ఓడిపోయి ఓడిపోయి గట్టిపడింది. మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి వయసు 15. సచిన్ 16 ఏళ్లకే పాకిస్తాన్ మీద టెస్టు ఆడాడు. తన ఈడు వాళ్లతోనే ఆడుకుంటూ కూర్చుంటే వాళ్లు అంత ఎత్తుకి వెళ్లేవాళ్లా? పిల్లాడిలో విషయం ఉంది కాబట్టే సారు అడిగారు.

కృష్ణలంక టైలరమ్మ

తమ్ముడూ, పాప ఆట బాగుండాలి. కానీ నెట్టుకి అవతల ఉన్నవాళ్లు పాప కాలు పట్టుకుని లాగరు కదా. చదరంగంలో మీద పడేవాళ్లు ఉండరు. నా భయమంతా అక్కడే.

తెనాలి రిటైర్డ్ పీఈటీ

అమ్మా, 31 ఏళ్లు పీఈటీగా చేశాను. మీ సారు ఎందుకు అడిగారో ముందు చెబుతాను. కబడ్డీకి కోర్టులో ఏడుగురు, బయట ఐదుగురు, మొత్తం 12 మంది కావాలి. జట్టు పేర్లు ఇవ్వాల్సిన రోజుకి పదో తరగతి వాళ్లు దొరకరు. పబ్లిక్ పరీక్షలని, స్టడీ అవర్లని ఇళ్లలోనే ఆపేస్తారు. తొమ్మిదిలో ఆడేవాళ్లు నలుగురో ఐదుగురో. అప్పుడు మా చూపు ఏడు, ఎనిమిది మీద పడుతుంది. నేనూ అట్లా తీసుకున్నవాణ్ణే. ఒకసారి ఏడో తరగతి పిల్లాణ్ణి రైడ్‌కి పంపితే అవతలివాళ్లు నలుగురు చేతులు పట్టుకుని చైన్ కట్టి కింద పడేశారు. లేచాడు, దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆ తర్వాత వాడు కూతకి వెళ్లమంటే వెనక్కి తగ్గేవాడు. ఆ ఏడాదితో ఆట మానేశాడు. అది నా తప్పేనని ఇప్పటికీ అనుకుంటాను.

స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని విడగొట్టింది ఇందుకే. మగపిల్లలు 13, 14 ఏళ్ల దగ్గర ఒక్కసారిగా సాగుతారు. ముందు ఎత్తు పెరుగుతారు, కండ తర్వాత పడుతుంది. 12 ఏళ్లవాణ్ణి, 16 ఏళ్లవాణ్ణి పక్కపక్కన నిలబెడితే ఒకడు పిల్లాడు, ఇంకొకడు మగవాడు. కబడ్డీలో జూనియర్ పోటీలకి వయసుతో పాటు బరువు కూడా తూస్తారు. మీరు కాటా మీద నిలబెట్టారు చూశారా, సరైన పని చేశారు.

ఇంకో మాట. పెద్ద జట్టులో చిన్నవాడితో ఎక్కువగా కూత పెట్టించరు. బెంచీ మీద కూర్చోబెడతారు, నీళ్లు తెమ్మంటారు. అదే అండర్ 14లో అయితే వాడే మెయిన్ రైడర్, మ్యాచికి పది, పదిహేను సార్లు వెళ్తాడు. పెద్దవాళ్లతో ప్రాక్టీసు మాత్రం మానిపించకండి. పట్లు లేకుండా, తాకుడు వరకే ఆడిస్తే చాలు. బోనస్ లైను (దాటితే అదనపు పాయింటు వచ్చే గీత) ఎట్లా దాటాలో, వెనక్కి ఎట్లా తిరగాలో వాళ్ల దగ్గరే బాగా పట్టుబడుతుంది. సారుని ఇదే అడగండి, కాదనరు.

మంగళగిరి పాత రైడర్

నేను ఎనిమిదిలో ఉండగా పెద్దవాళ్లతో ఆడాను. కాలు పట్టుకుని ఒకడు, నడుము మీద ఇద్దరు పడ్డారు. చీలమండ దగ్గర పట్టుమని చప్పుడైంది. ఎముక ఎదిగే చోటు ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు, అక్కడ చిట్లింది. పెద్దవాళ్లకి బెణికే దెబ్బ పిల్లలకి అక్కడ విరుగుతుందని, ఎదిగే పిల్లల్లో ఆ చోటు ఎముకల్ని కలిపే లిగమెంట్ల కంటే బలహీనమని డాక్టరు గారు చెప్పారు. కట్టు విప్పాక కూడా రెండు కాళ్లూ సమానంగా పెరుగుతున్నాయో లేదో అని చాలాకాలం ఎక్స్‌రేలు తీయించారు. అదృష్టం, బాగానే పెరిగాయి. మా అమ్మ ఆ రోజుల్లో ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. మీరు కత్తెర కింద పెట్టడం మంచిదైంది అక్కా.

పటమట నుంచి న్యూయార్క్

ఇక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు హైస్కూల్ జట్టులో ఆడాలంటే న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పద్ధతి ఉంది. ముందు తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. తర్వాత డాక్టరు పిల్లాడి ఒళ్లు ఎంత ఎదిగిందో చూస్తారు, ఫిట్‌నెస్ పరీక్ష పెడతారు, కోచ్ ఆట చూస్తారు. అన్నీ దాటితేనే జట్టులోకి. పరుగు, ఈత లాంటివాటికి ఒక లెక్క, ఒకరి మీద ఒకరు పడే ఆటలకి ఇంకా కఠినమైన లెక్క. మా పక్కింటి అబ్బాయి ఎనిమిదో తరగతిలోనే పెద్దవాళ్లతో పరుగు పందేలకి వెళ్తున్నాడు, బాగానే ఉన్నాడు. నేనైతే పరుగుకి పంపుతాను, కబడ్డీకి పంపను.

కృష్ణలంక టైలరమ్మ

అందరికీ పేరుపేరునా దండాలు. తెనాలి మాస్టారూ, మీరు చెప్పినట్టే ఈరోజు బడికి వెళ్లాను. కొలతల పుస్తకం పట్టుకెళ్లి 36, 26 రెండు పేజీలూ సారు ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. అండర్ 14కి పిల్లలు చాలక అసలు జట్టే పంపకూడదనుకున్నారట. "12 మందిని తెస్తే పంపుతానమ్మా, ప్రాక్టీసు అందరికీ కలిపే పెడతాను" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మావాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంట తర్వాత లేచి మా సందులోకి వెళ్లాడు. చీకటి పడేసరికి తనతో కలిపి తొమ్మిది మందిని పోగేశాడు. ఇంకా ముగ్గురు కావాలట.

పెద్ద జెర్సీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టాను. రేపు తిరిగిచ్చేస్తాడు. చిన్నవాళ్లకి జెర్సీలు లేవన్నారు, 12 నేనే కుడతాను. పట్టు పట్టి లాగినా ఊడకుండా భుజానికి, చంకకి డబుల్ కుట్టు వేస్తాను. వస్త్రలత బట్టల మార్కెట్లో డ్రై ఫిట్ గుడ్డ హోల్‌సేల్‌గా ఎవరి దగ్గర మంచిది దొరుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. సాగే గుడ్డే కావాలి. ఒక్కో దానికి ముప్పావు మీటరు సరిపోతుందనుకుంటున్నాను.