అప్‌డేట్: సహోద్యోగి పాత విమానం సంగతి

టెక్సాస్‌లో నా సహోద్యోగి ఒకరు తన సొంత సెస్నా 172 అనే చిన్న విమానంలో మా అబ్బాయిని ఎక్కించుకుంటానంటున్నారని, ఆయన తీరు చూస్తే భయంగా ఉందని, ఏం చేయమంటారని గత నెల ఇక్కడ అడిగాను. ముందు లాగ్‌బుక్ (తనిఖీలు, ప్రయాణాల వివరాలు రాసే పుస్తకం) చూపించమనండి అన్నారు మీరు.

అడిగాను. 12 నెలలకోసారి జరగాల్సిన వార్షిక తనిఖీ గడువు ఎప్పుడో దాటిపోయింది. పైలట్‌కు 24 నెలలకోసారి ఉండాల్సిన ఫ్లైట్ రివ్యూ, అంటే శిక్షకుడి దగ్గర నైపుణ్యం సరిచూపించుకోవడం, కూడా లేదు. "ఇంజిన్ బాగానే తిరుగుతోంది కదండీ" అన్నారాయన. రెక్క కింద ఇంధనం కారిన నీలి మరక నా కళ్లతో చూశాను! ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కాస్త ఇంధనం తీసి, నీళ్లు కలిశాయేమో చూడటం కనీస జాగ్రత్త. అదీ చేయరు.

అబ్బాయిని పంపనని ముఖం మీదే చెప్పాను. అక్కడ విమానం నడపడం నేర్పే శిక్షకురాలు నచ్చజెప్పినా ఆయన వినలేదు. రెండు రాత్రులు నిద్రపట్టక, చివరికి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) స్థానిక కార్యాలయానికి తేదీలు, ఫొటోలతో రాశాను. ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసి వివరాలు తీసుకున్నారు. ఇప్పుడా విమానం మెకానిక్ దగ్గరుంది.

ఆయన నాతో మాట్లాడటం మానేశారు. బాధగానే ఉంది, కానీ ఇంకొకరి బిడ్డ అందులో ఎక్కుతాడనుకుంటే ఊరుకోలేకపోయాను. అలిగిన మా అబ్బాయిని వచ్చే శనివారం ఆ శిక్షకురాలే తన విమానంలో తీసుకెళ్తున్నారు.