టెరోసార్ రంగుల పేజీలో గబ్బిలం రెక్క గీస్తే తప్పేంటి?

బొమ్మలపలక:
ఒకటో తరగతి పిల్లల కోసం టెరోసార్ల, అంటే డైనోసార్ల కాలం నాటి ఎగిరే సరీసృపాల, రంగుల పేజీలు గీస్తున్నాను. మొదటిది టెరానొడాన్ అనే టెరోసార్. ఏ4 కాగితం అడ్డంగా, రెక్కల విప్పు 27 సెం.మీ., గీత మందం 2 మి.మీ. రెక్క మొత్తం ఒకటే ఖాళీగా ఉంటే పిల్లలు సగంలో విసిగి వదిలేస్తారు. అందుకని గబ్బిలానికి ఉన్నట్టు ఒక్కో రెక్కలో మూడు ఊచలు గీసి నాలుగు గదులు చేశాను. గదికో అంకె. పక్కన పట్టిక: 1 గోధుమరంగు, 2 బూడిదరంగు, 3 ఆకుపచ్చ, 4 నలుపు. చూసినవాళ్ళు "ఇది గబ్బిలం" అని తీసిపారేశారు. ఐదేళ్ళ పిల్లకు ఆ తేడా తెలియాలా?

శిలాజాలవాగు:
తెలియాలండీ. తన చెయ్యే చూపించి చెబితే అర నిమిషం పని. టెరోసార్‌కి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఈ మూడూ చిన్నవి, గోళ్ళతో రెక్క ముందంచున విడిగా ఉంటాయి. ఉంగరపు వేలు ఒక్కటే సాగి సాగి రెక్క కొసదాకా పోతుంది. చిటికెన వేలు లేనే లేదు. గబ్బిలానికి బొటనవేలు ఒక్కటే విడి, మిగతా నాలుగూ పొరలో గొడుగు ఊచల్లా ఉంటాయి. వెనకంచు వంపులు వంపులుగా రావడం ఆ ఊచల వల్లే. టెరోసార్‌కి కొస నుంచి కాలిదాకా ఒకటే సాఫీ గీత. మీ బొమ్మలో ఒక రెక్క 12 సెం.మీ. అనుకుంటే అందులో సగానికి పైగా ఆ ఒక్క వేలే ఉండాలి.

మీరు పెట్టిన తోక కూడా తప్పే. చివర ఆకులాంటి పలక ఉన్న పొడుగు తోక రాంఫోరింకస్ అనే వేరే టెరోసార్‌ది. అది జర్మనీలోని బవేరియా సున్నపురాళ్ళలో దొరికింది, దాదాపు 15 కోట్ల ఏళ్ళ నాటిది. టెరానొడాన్ అమెరికాలోని కాన్సాస్‌ది, దాదాపు 8.5 కోట్ల ఏళ్ళ నాటిది. దానికి మీరు పళ్ళు కూడా పెట్టారు. "రెక్క ఉంది, పళ్ళు లేవు" అన్నదే ఆ పేరుకి అర్థం.

నీలిసిరా:
ప్టెరోసార్ అనాలా, టెరోసార్ అనాలా? ముందు అది తేల్చండి.

చుక్కలముగ్గు:
గ్రీకులో ప్టెరాన్ అంటే రెక్క. ఇంగ్లిషువాళ్ళు మొదటి ప పలకరు.

నీలిసిరా:
హెలికాప్టర్‌లో ఉన్నదీ ఆ మాటే. అక్కడ పలుకుతున్నాం కదా.

పాలపిట్ట:
పేజీ పైన "ఎగిరే డైనోసార్" అని పెట్టొచ్చా?

శిలాజాలవాగు:
వద్దండీ. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్. టెరోసార్లు డైనోసార్లకు పెదనాన్న బిడ్డల్లాంటివి, దగ్గరి చుట్టాలే గానీ ఆ ఇంటివి కావు.

బొమ్మలపలక:
తోక, పళ్ళు ఒప్పుకున్నాను, తీసేస్తాను. వేళ్ళ మాట వినండి. మైనపు క్రేయాన్ మందమే దాదాపు 8 మి.మీ. ఈ కొలతలో మీ మూడు వేళ్ళూ ఒక్కోటి సెంటీమీటరు రావు. రంగు వేస్తే మూడూ కలిసి ఒక మరక అవుతాయి. పిల్ల "పాడైపోయింది" అని కాగితం పక్కన పెట్టేస్తుంది. ఏ పేజీ పెట్టినా ఎముకలు లెక్కపెడతారు తప్ప పిల్లల చేతి సంగతి ఒక్కరూ అడగరు.

చుక్కలముగ్గు:
ఆ మూడు వేళ్ళనూ నల్లగా నింపేసి ప్రింట్ చెయ్యండి మేడమ్, రంగు వేసే పనే ఉండదు. పెద్ద ఖాళీకి కూడా దారి ఉంది. శిలాజాల్లో రెక్కపొర లోపల సన్నని పీచులు కనిపిస్తాయి, కొసవైపు అవి వేలి వెంబడే ఏటవాలుగా పోతాయి. వాటిని చుక్కల గీతలుగా వేస్తే పట్టీలు వస్తాయి. నిండు గీత వేశారో ఎముక అనుకుంటారు. పట్టీ వెడల్పు 1.5 సెం.మీ.కి తగ్గనివ్వకండి.

పాలపిట్ట:
పలచటి 75 జీఎస్ఎం జిరాక్స్ కాగితమైతే రెండువైపులా ప్రింట్ చెయ్యకండి. స్కెచ్ పెన్ను వెనక్కి దిగి అవతలి బొమ్మ పోతుంది.

శిలాజాలవాగు:
పీచుల ఆలోచన బాగుంది. ఇప్పుడు ఆ పట్టిక. 1 గోధుమరంగు అని ఎలా రాశారు?

బొమ్మలపలక:
ఇందాక వేలు, తర్వాత తోక, ఇప్పుడు రంగా? సరీసృపానికి మట్టిరంగు కాక గులాబీరంగు వేయించమంటారా?

శిలాజాలవాగు:
వేయనివ్వండి! గులాబీ తప్పని ఏ రాయి చెప్పింది మీకు? బ్రెజిల్‌లో దొరికిన టుపాండాక్టిలస్ అనే టెరోసార్ తురాయి మీద 2022లో వచ్చిన పరిశోధన చూడండి. ఈకల్లో రంగునిచ్చే రేణువులు దొరికాయి, ఒక్కో రకం ఈకలో ఒక్కో ఆకారంలో ఉన్నాయి. అంటే ఒళ్ళంతా ఒకటే రంగు కాదు. ఇక టెరానొడాన్ ఏ రంగులో ఉండేదో చెప్పే ఆధారమే లేదు. లేని జవాబుని మీరు అచ్చు వేసి ఇస్తున్నారు.

బొమ్మలపలక:
అంకెలు నేర్పడానికి ఇస్తున్నాను! 4 ఉన్నచోట ఏ రంగో పట్టికలో వెతికి తెచ్చుకోవడమే అక్కడ పాఠం. గీతలో నాకు ఒక్క మిల్లీమీటరు వదలని మీరు రంగులో మాత్రం పిల్లలు ఏం చేసినా సరే అంటారు. ఇదెక్కడి న్యాయం?

శిలాజాలవాగు:
ఎముక దొరికింది, కాబట్టి గీతలో తప్పుంటే తప్పని చెప్పగలం. రంగు దొరకలేదు. మీరు లెక్కల పేజీ గీస్తున్నారు, నేను జంతువు పేజీ అనుకుని వాదిస్తున్నాను. ఈ రెండూ ఒక కాగితం మీద పెట్టినందుకే గొడవంతా. పట్టిక చూసి గోధుమరంగు వేసిన పిల్ల టెరానొడాన్ గోధుమరంగనే చెబుతుంది.

చుక్కలముగ్గు:
పట్టిక ఉంచి రంగు పేర్లు తీసెయ్యండి. 1 నుంచి 4 దాకా అంకె పక్కన 2 సెం.మీ. ఖాళీ గడి పెట్టండి. పిల్ల ముందు గడుల్లో తనకు నచ్చిన రంగులు వేసుకుంటుంది, తర్వాత ఆ పట్టిక ప్రకారమే బొమ్మ వేస్తుంది. వెతకడం మిగిలే ఉంటుంది.

బొమ్మలపలక:
30 మంది పిల్లలకు 30 పట్టికలు. దిద్దేదెలా?

చుక్కలముగ్గు:
కుడిరెక్కలో ఏ అంకె ఎక్కడుందో ఎడమరెక్కలోనూ అక్కడే పెట్టండి. అంకె తప్పితే రెండు రెక్కలూ తేడాగా కనిపిస్తాయి, పట్టిక చూడక్కర్లేదు.

బొమ్మలపలక:
అది పనికొస్తుంది. ఊచలు తీసేసి పట్టీలు పెట్టాను, వేళ్ళు నల్లగా నింపాను. గడులు నాలుగూ ఖాళీ. కన్ను మాత్రం పసుపు వేసి ఇస్తాను.

శిలాజాలవాగు:
పసుపే ఎందుకు?

బొమ్మలపలక:
సరే, కన్నూ నల్లచుక్కే. రెండో పేజీలో ఆడ టెరానొడాన్ గీద్దామనుకుంటున్నాను. ఎంతలో గీయాలి?

శిలాజాలవాగు:
తురాయి చిన్నది, గుండ్రంగా. మగదాని రెక్కల విప్పు సగటున 5.6 మీటర్లైతే ఆడదానిది 3.8. మీ మగది 27 సెం.మీ. కదా, ఆడది 18. ఒకే పేజీలో పక్కపక్కన గీయకండి, పట్టీలు సన్నబడి క్రేయాన్‌కి అందవు.