మొక్కల కొలతల డేటా: అందరికీ తెరిచేయాలా, కొలిచినవాళ్ళని అడిగి వాడుకోవాలా?

పచ్చాకు:
జర్మనీలోని యెనా నుంచి నడిచే 'ట్రై' డేటాబేస్ 2007లో మొదలైంది. ఆకు వైశాల్యం, గింజ బరువు, చెక్క సాంద్రత లాంటి కొలతలు ప్రపంచం నలుమూలల నుంచి అందులో చేరతాయి. మొదట్లో డేటా ఇచ్చినవాళ్ళు సరే అంటేనే చేతికొచ్చేది. 2019లో చాలాభాగం తెరిచేశారు, మూలం చెప్పి వాడుకోవచ్చు. నాకైతే అదే సరైన పని. 46 వేలకు పైగా మొక్కల జాతుల డేటా పోగేసి, ఆరు లక్షణాల్లోని వైవిధ్యంలో దాదాపు నాలుగింట మూడొంతులు రెండే అక్షాల మీద, అంటే లక్షణాలు కలిసి మారే రెండు దారుల్లో, సర్దుకుంటుందని 2016లో పరిశోధకులు చూపించారు. ఏ ఒక్క బృందమూ ఒంటరిగా చేయగలిగేది కాదు.

వేరుమూలం:
పచ్చాకు గారూ, మూలం చెప్పడం ఎలా జరుగుతోందో కూడా చూడండి. వందల డేటాసెట్లు వాడిన పరిశోధన పేపర్లో కొలిచినవాళ్ళ పేర్లు తరచూ అనుబంధ ఫైల్లోకి పోతాయి. అక్కడి సైటేషన్లు (మూలాల ప్రస్తావనలు) చాలాసార్లు లెక్కకే రావు. కొమ్మ కోసి, ఆకు వాడిపోకముందే స్కాన్ చేసి, ఆరబెట్టి తూకం వేసిన విద్యార్థికి ఏం మిగిలినట్టు? పైగా డేటా బాగా తక్కువున్నది ఉష్ణమండలం నుంచే. ముందు తమ పేపర్ రాసుకునే గడువైనా లేకపోతే అక్కడివాళ్ళు ఎందుకిస్తారు?

తక్కెడ:
పేరు గొడవ సరే, అడగడంలో ఇంకో లాభం ఉంది. ఒకే చెట్టులో నీడలో పెరిగిన ఆకు ఎండలో ఆకు కంటే పల్చగా ఉంటుంది. అంటే అదే బరువుకి వైశాల్యం ఎక్కువ. తొడిమను కలిపి తూచారా, తీసేశారా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. ఈ వివరాలేవీ లేని డేటా వరసలు ఎన్నో. అన్నిటినీ కలిపి సగటు తీసి 'ఈ జాతి విలువ ఇదీ' అనేస్తున్నారు. కొలిచినవాళ్ళతో ఒక్కసారి మాట్లాడితే తేలిపోయే సంగతి.

పచ్చాకు:
ఆ మాట్లాడేది ఎన్నాళ్ళండీ? మనుషులు రిటైరవుతారు, ఈమెయిళ్ళు మారతాయి. ఆ వివరం డేటాతోపాటే ఉండాలి. ఆస్ట్రేలియావాళ్ళ 'ఆస్‌ట్రెయిట్స్' 2021లో వచ్చింది. అది పూర్తిగా ఓపెన్, అయినా ఎక్కడ, ఎలా కొలిచారో దొరికినంతవరకు కొలతకే జతచేసి పెట్టారు.

తక్కెడ:
కొత్త డేటాకి బాగుంటుంది. పాత నోటుపుస్తకాల్లో రాయనిదాన్ని ఎవరు పూరిస్తారు?

వేరుమూలం:
ఆస్‌ట్రెయిట్స్ పద్ధతి నాకూ నచ్చింది. అనుమతి నియమం పోయినా నాకు బాధలేదు, కానీ వాడుకున్న డేటాసెట్లన్నీ పేపర్ మూలాల ప్రధాన జాబితాలోనే ఉండాలని పరిశోధన పత్రికలు పట్టుబట్టాలి. అది జరిగేదాకా నా ఓటు గడువుకే.